అడ్డపొగ - క్యాన్సర్ నివారణ: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జాతీయ కార్యక్రమాల ఫలసిద్ధి (చారిత్రక పరిశీలన)

వ్యాససంగ్రహం:

చుట్టను నిప్పువైపు నోటిలో ఉంచుకొని తాగే అలవాటును ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని నిరూపించిన క్షేత్ర పరిశోధనలకు పూర్వపు శ్రీకాకుళం జిల్లా ఒక ప్రధాన వేదిక. జాతీయ క్యాన్సర్ నియంత్రణ కార్యక్రమం 1975-76లో రూపుదిద్దుకోవడానికి ముందే ఈ జిల్లాలో సర్వే జరిగింది. పదేళ్ల అనుశీలన కూడా చాలావరకు పూర్తయింది. అయినా ఆ జ్ఞానం జాతీయ కార్యక్రమంలోకి ఎంతవరకు ప్రవేశించింది, ప్రవేశించనిచోట ఆ కార్యక్రమ ఫలసిద్ధిని ఏ కొలమానంతో నిర్ణయించాలి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అడ్డపొగ, చుట్ట, అంగిలి క్యాన్సర్, ఉత్తరాంధ్ర, జాతీయ క్యాన్సర్ నియంత్రణ కార్యక్రమం, ప్రజారోగ్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'అడ్డ' అనే పూర్వపదం కేవలం దిశను సూచించేది కాదు. అడ్డదారి, అడ్డగోలు వంటి సమాసాలలో అది క్రమం తప్పినదనే అర్థచ్ఛాయను మోస్తుంది. 'అడ్డపొగ' అన్న మాటలోనూ ఆ ఛాయ ఉంది. చుట్ట తాగడానికి ఒక క్రమం ఉందనీ, ఇది ఆ క్రమానికి ఎదురు వెళ్లేదనీ పేరు పెట్టినవారికి తెలుసు. వైద్య పత్రికలు దీనిని రివర్స్ స్మోకింగ్ అన్నాయి, దినపత్రికలు 'తిరగేసి పొగ తాగడం' అని అనువదించుకున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మాత్రం మాట అడ్డపొగే.

ఉత్తరాంధ్ర సాహిత్యంలో చుట్టకు ప్రముఖ స్థానం ఉంది. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో వెంకటేశం గిరీశం దగ్గర నేర్చుకున్న విద్యల్లో చుట్ట కాల్చడం ముఖ్యమైనది. అక్కడ చుట్ట మగవాడి దర్జాకు, కొత్త నాగరికతకు గుర్తు. పదిమంది చూస్తుండగా కాల్చేది. అడ్డపొగ స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. నిప్పు నోటి లోపల ఉంటుంది కాబట్టి బయటికి కనిపించేది చుట్ట మొదలు మాత్రమే. ఈ అలవాటు పురుషుల్లో లేకపోలేదు. కానీ స్త్రీలలో, అందులోనూ కాయకష్టం చేసుకొనే కుటుంబాల స్త్రీలలో ఎక్కువ. గాలికీ తడికీ చుట్ట ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, నుసి ఒడిలోని బిడ్డమీద పడదు, పెద్దల ఎదుట నిప్పు కనబడదు, పంటినొప్పికి ఉపశమనం అన్నవి ఈ అలవాటుకు సాధారణంగా చెప్పే కారణాలు. వీటిలో ఏ ఒక్కటీ విలాసానికి సంబంధించినది కాకపోవడం గమనార్హం. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి సంక్రమించిన అలవాటు ఇది. గిరీశం చుట్టకు దొరికిన పాఠకుల్లో వందోవంతు కూడా ఈ చుట్టకు దొరకలేదు. దీనిని మొదట శ్రద్ధగా చదివినవారు వైద్యులు.

2. అంగిలి మీద మచ్చ: పరిశోధనల పూర్వరంగం (1937-1974)

ప్రపంచంలో చాలాచోట్ల నోటి క్యాన్సర్ బుగ్గ లోపలి పొరకో, నాలుక అంచుకో, చిగుళ్లకో వస్తుంది. గట్టి అంగిలికి రావడం అరుదు. విశాఖపట్టణంలోని వైద్యులను ఆలోచింపజేసింది ఈ తేడాయే. 1937లో ఎం. జి. కిని, కె. వి. సుబ్బారావు 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో ఈ ప్రాంతపు క్యాన్సర్ సమస్యను చర్చించారు. 1945లో వి. ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి భారతీయ వాడుకలతో ముడిపడిన మూడు కొత్తరకం క్యాన్సర్లను వర్ణిస్తూ రాసిన పత్రంతో 'చుట్ట క్యాన్సర్' అన్న మాట వైద్య పరిభాషలోకి వెళ్లింది. ఒక తెలుగు మాట అంతర్జాతీయ రోగవిజ్ఞానంలో స్థిరపడిన అరుదైన సందర్భమిది. సంతోషించదగ్గ సందర్భం కాకపోయినా నిఘంటుకారులు గుర్తించవలసినదే. 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు తమ పత్రం శీర్షికలోనే విషయాన్ని తేల్చిచెప్పారు: కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్‌కు కారణం చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని తాగడమే. 1974లో సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డి ఈ సంబంధాన్ని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పత్రికలో మరోసారి ప్రతిపాదించారు.

ఈ అలవాటు ఆంధ్రకే పరిమితం కాదు. కొలంబియా, పనామా, కరీబియన్ దీవులు, ఫిలిప్పీన్స్, ఇటలీలోని సార్డీనియా ద్వీపాలలో కూడా దీనిని గుర్తించారు. 1960ల మధ్యలో క్విగ్లీ, ఆయన సహచరులు ఇలా పొగ తాగేవారి నోటిలోని వేడిని కొలిచారు. నోటిలోపలి గాలి 120 డిగ్రీల సెల్సియస్ వరకు, అంగిలి పొర 58 డిగ్రీల వరకు వేడెక్కగలదని తేలింది. పొగాకులోని రసాయనాలకు ఈ వేడి తోడవుతుంది. అందువల్ల సాధారణంగా చుట్ట తాగడమూ అడ్డపొగా ఒకే గాటన కట్టదగినవి కావు. మున్ముందు చర్చించబోయే జాతీయ కార్యక్రమ పత్రాలన్నీ కట్టింది మాత్రం ఆ ఒక్క గాటనే.

వీటన్నిటిలోకి పెద్ద ప్రయత్నం 1966-67లో జరిగింది. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా, కోపెన్‌హాగన్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్, వారి సహచరులు దేశంలోని ఐదు జిల్లాల్లో ఇంటింటి సర్వే చేశారు. అవి కేరళలో ఎర్నాకుళం, ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, గుజరాత్‌లో భావనగర్, అప్పటి బిహార్‌లో సింగ్‌భూమ్, దర్భంగా. పదిహేనేళ్లు, ఆపై వయసున్న 50,915 మంది గ్రామీణుల నోళ్లను దంతవైద్యులు పరీక్షించారు. వారిలో శ్రీకాకుళం జిల్లావారు 10,169 మంది. ఆ జిల్లా ఫలితాలు 1971లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్'లో విడిగా వెలువడ్డాయి. పరీక్షించినవారిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారని, అంగిలి మీది మార్పులు ప్రధానంగా వారిలోనే కనిపించాయని ఆ పత్రం నమోదు చేసింది. అంగిలి మీద తెల్లబారడం, ఎర్రబారడం, బొడిపెలు, పుండ్లు, రంగు తగ్గిపోవడం మొదలైన మార్పులను విడివిడిగా వర్గీకరించిన తొలి విస్తృత గ్రామీణ అధ్యయనం ఇదే అనడం అతిశయోక్తి కాదు.

ఈ పత్రాలు చదివేటప్పుడు చరిత్ర విద్యార్థి రెండు విషయాలు మరచిపోరాదు. మొదటిది 'శ్రీకాకుళం' అన్న పేరు. 1950 ఆగస్టు 15న విశాఖపట్టణం జిల్లా నుంచి విడివడిన శ్రీకాకుళం జిల్లాలో అప్పట్లో సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి, చీపురుపల్లి తాలూకాలు కూడా ఉండేవి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అవి దానిలో చేరాయి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడింది. కాబట్టి 1966-67 నాటి అంకెలను నేటి శ్రీకాకుళం జిల్లా అంకెలతో పోల్చి 'తగ్గింది', 'పెరిగింది' అని చెప్పడం పొరపాటు. రెండవది కాలం. అవి గిరిజన, రైతాంగ పోరాటపు రోజులు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి, ఆపై మూడేళ్లు ఈ జిల్లా పేరు దేశమంతటా మారుమోగింది. ఆ పోరాటం మీద కథలు, నవలలు, పాటలు, సిద్ధాంతవ్యాసాలు వచ్చాయి. అదే కాలంలో అదే జిల్లా పల్లెల్లో వేలమంది స్త్రీలు నోరు తెరిచి అపరిచిత వైద్యులకు అంగిలి చూపించారన్న సంగతి స్థానిక చరిత్ర రచనల్లో సాధారణంగా కనిపించదు.

సర్వేకు డబ్బు వచ్చిన దారి కూడా ఆసక్తికరమే. అమెరికా గోధుమల అమ్మకంపై భారతదేశంలో పోగైన రూపాయల నిధిని పి.ఎల్. 480 నిధి అనేవారు. ఆ నిధి నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ద్వారా ఈ పరిశోధనకు ధనసహాయం అందింది. దేశానికి సొంత క్యాన్సర్ కార్యక్రమం ఇంకా లేని రోజులవి.

3. మాటతో మార్పు: 1986 నాటి నిరూపణ

1966-67 సర్వే అక్కడితో ఆగలేదు. ఎర్నాకుళం, శ్రీకాకుళం, భావనగర్ జిల్లాల్లోని గ్రామీణులను పదేళ్లపాటు అనుసరించి పరీక్షించారు. 1980లో ప్రకటితమైన ఆ ఫలితాల ప్రకారం కొత్తగా వచ్చిన నోటి క్యాన్సర్లు దాదాపుగా పొగాకు వాడేవారిలోనే తలెత్తాయి. అవి అంతకుముందే ఉన్న మచ్చల నుంచి, పుండ్ల నుంచి పుట్టడం కూడా కనిపించింది. క్యాన్సర్ ఒక్కసారిగా మీదపడే పిడుగు కాదనీ, ముందుగా కబురు పంపే వ్యాధి అనీ దీని సారాంశం. కబురు అంగిలి మీదే ఉంటుంది. చూసేవారు కావాలి.

తరువాతి మెట్టు నివారణ. అవే మూడు ప్రాంతాల్లో ఈసారి వేరే వ్యక్తులను, 36,471 మంది పొగాకు వినియోగదారులను ఎంచుకున్నారు. ఏటా నోటి పరీక్ష చేస్తూ, పొగాకు హానిని గురించి వ్యక్తిగత సంభాషణ ద్వారా, ప్రసార సాధనాల ద్వారా ఐదేళ్లపాటు విడవకుండా చెప్పారు. పి. సి. గుప్తా, మెహతా, పిండ్‌బోర్గ్ తదితరుల పేరిట 1986లో 'లాన్సెట్' పత్రికలో దీని ఫలితాలు వచ్చాయి. మూడు ప్రాంతాల్లో రెండింట, పోలికకు తీసుకున్న బృందంకన్నా ఎక్కువమంది అలవాటు మానారు లేదా తగ్గించారు. క్యాన్సర్‌కు ముందు దశ అయిన మార్పులు కొత్తగా రావడం కూడా తగ్గింది. ఆ రెండు ప్రాంతాల్లో శ్రీకాకుళం ఒకటి. ఈ బృందంలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మీరా అఘీ, గుప్తా, మెహతాలతో కలిసి గ్రామీణ స్త్రీల అడ్డపొగ అలవాటుపై ఈ బోధన ప్రభావాన్ని విడిగా చర్చించారు.

ఈ అధ్యయనానికి లోపాలు లేకపోలేదు. పోలికకు తీసుకున్నది అదే కాలంలో బోధన లేకుండా వదిలిన బృందాన్ని కాదు, అంతకుముందు జరిగిన పదేళ్ల అనుశీలనలోని మొదటి ఐదేళ్ల ఫలితాలను. రెండు బృందాల మధ్య దాదాపు దశాబ్దం గడిచింది. ఆ దశాబ్దంలో పల్లెకు రోడ్డు వచ్చింది, రేడియో వచ్చింది, బడి వచ్చింది. మార్పులో ఎంతభాగం బోధనది, ఎంతభాగం కాలానిది అని విడదీయడం కష్టం. ఏటేటా వైద్యుడు ఇంటికి వచ్చి నోరు చూడటమే ఒక బోధన అన్న వాదన కూడా ఉంది, అది తోసిపుచ్చదగినది కాదు. కానీ ఆ వాదన నిజమైతే అధ్యయనం బలహీనపడదు. జాతీయ కార్యక్రమం చేయవలసిన పని ఏమిటో అది మరింత స్పష్టంగా చెబుతుంది.

మరొక చిక్కు సందేశంలోనే ఉంది. 'చుట్ట మానండి' అనాలా, 'చుట్టను తిప్పి తాగకండి' అనాలా? నిప్పు బయట ఉంచి తాగితే అంగిలికి తగిలే వేడి తగ్గుతుంది కాని పొగాకు ఇతర హానులు తగ్గవు. ప్రభుత్వ ప్రచారం 'పొగాకు వద్దు' అన్న ఏకవాక్యాన్ని దాటి మాట్లాడలేదు. అరవై ఏళ్ల వయసులో చుట్ట మానలేని స్త్రీకి ఆ ఏకవాక్యం ఇచ్చే సహాయం స్వల్పం. విశాఖపట్టణంలో జి. సత్యనారాయణ వంటి క్యాన్సర్ వైద్యులు 1989 నుంచి 1993 వరకు ప్రకటించిన పత్రాలు ఇక్కడ ప్రస్తావనార్హం. అడ్డపొగ తాగేవారి అంగిలి మార్పులు, గ్రామీణుల నిరక్షరాస్యత, పొగ మానడానికి వారి సుముఖత వాటి విషయాలు. వాటిలో ఒకటి డచ్చి పరిశోధకులతో కలిసి చేసినది. 'చెప్పినా వినరు' అన్న ఉద్యోగవర్గపు నానుడిని పరీక్షకు పెట్టవచ్చునన్న ఆలోచన ఈ పత్రాలలో ఉంది.

4. జాతీయ కార్యక్రమం: యంత్రాల నుంచి జిల్లాలకు

జాతీయ క్యాన్సర్ నియంత్రణ కార్యక్రమం 1975-76లో ప్రారంభమైంది. దాని తొలి దృష్టి చికిత్స మీద, అంటే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాలకు పరికరాలు, కోబాల్ట్ యంత్రాలు సమకూర్చడం మీద ఉంది. అప్పటి అవసరాన్నిబట్టి అది తప్పనలేము. దేశంలో రేడియేషన్ చికిత్స దొరికే చోట్లు అతి కొద్ది. 1984-85లో కార్యక్రమాన్ని సవరించి ప్రాథమిక నివారణకు, తొలిదశలో గుర్తించడానికి ప్రాధాన్యమిచ్చారు. 1990-91లో జిల్లా క్యాన్సర్ నియంత్రణ పథకం మొదలైంది. 2005లో మరో సవరణ జరిగింది. 2010లో క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బులు, పక్షవాతాల నివారణను కలిపి ఒకే జాతీయ కార్యక్రమంగా మార్చి, 21 రాష్ట్రాల్లోని 100 జిల్లాల్లో అమలు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైన ఎనిమిది జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. 2023లో ఈ కార్యక్రమం అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంగా పేరు మార్చుకుంది.

ఈ తేదీల వరుసను పక్కన ఉన్న పరిశోధనల వరుసతో కలిపి చదివితే విచిత్రం బోధపడుతుంది. శ్రీకాకుళంలో సర్వే 1966-67లో, నివారణ సాధ్యమన్న నిరూపణ 1986లో. జాతీయ కార్యక్రమం జిల్లా పేరుతో ఇక్కడికి చేరింది 2010 తరువాత. మధ్యలో దాదాపు పాతికేళ్లు. ఈ పాతికేళ్లలో ప్రపంచ వైద్యగ్రంథాలు శ్రీకాకుళాన్ని ఉదాహరిస్తూనే ఉన్నాయి.

లెక్కల సేకరణలోనూ ఇదే తీరు. భారత వైద్య పరిశోధనా మండలి 1981-82లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు జనాభా ఆధారిత రిజిస్ట్రీలు బెంగళూరు, బొంబాయి, మద్రాసు నగరాల్లో వచ్చాయి. అంగిలి క్యాన్సర్ అధికంగా ఉన్నట్టు అప్పటికే తెలిసిన పల్లెల జిల్లా ఆ జాబితాలో లేదు. రిజిస్ట్రీ లేనిచోట వ్యాధి తగ్గిందో పెరిగిందో చెప్పే ఆధారం ఆసుపత్రి రికార్డు ఒక్కటే. ఆసుపత్రికి రాని రోగి ఆ రికార్డులో ఉండదు.

చికిత్స సదుపాయం విషయంలో మాత్రం మార్పు వచ్చిందని ఒప్పుకోవాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మిగిలినవి అనంతపురం, మహబూబ్‌నగర్. క్యాన్సర్ శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీ పేదకుటుంబాలకు అందుబాటులోకి రావడంలో దాని పాత్ర కాదనలేనిది. తరువాత విశాఖపట్టణం అగనంపూడిలో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. అయినా ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరం. అంతకన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, బీమా పథకం రోగం ముదిరినాక డబ్బు చెల్లిస్తుంది. అంగిలి మీద తెల్లబారిన మచ్చను చూసినందుకు ఎవరికీ ఏమీ చెల్లించదు. ఒకే జిల్లాలో రోగచికిత్స పథకం నివారణ పథకంకన్నా ముందు పరుగెత్తడం వెనుక ఈ ఆర్థికసూత్రం ఉంది.

ఇక్కడ ఉద్దానాన్ని ప్రస్తావించడం అప్రస్తుతం కాదు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ప్రాంతపు మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా వివాదాస్పదమే. అయినా ఆందోళనలు జరిగాయి, నాయకులు వచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి ప్రారంభమైంది. అడ్డపొగ విషయంలో కారణం 1957 నాటికే తేలింది. ఆందోళన మాత్రం రాలేదు. వ్యాధిగ్రస్తులు ఎక్కువగా వృద్ధ స్త్రీలు కావడం, వ్యాధిని వారి 'అలవాటు' ఖాతాలో వేయడం ఇందుకు కారణాలుగా భావించవచ్చు. కారణం తెలియని వ్యాధికి సానుభూతి, కారణం తెలిసిన వ్యాధికి మందలింపు దక్కడం ప్రజారోగ్య చరిత్రలో కొత్త కాదు.

5. ఫలసిద్ధిని కొలవడం ఎట్లా?

ఒక నివారణ కార్యక్రమం ఫలించిందా లేదా అని చెప్పడానికి మూడు స్థాయిల ఆధారాలు కావాలి. సేవ ఎంతమందికి చేరిందన్నది మొదటిది, అలవాటు మారిందా అన్నది రెండవది, మరణాలు తగ్గాయా అన్నది మూడవది. మూడవదానికి భారతదేశంలో ఉన్న బలమైన ఆధారం తిరువనంతపురం జిల్లాలో శంకరనారాయణన్ బృందం నిర్వహించిన నోటి పరీక్షల అధ్యయనం. 13 ప్రాంతాలను యాదృచ్ఛికంగా విభజించి చేసిన ఆ అధ్యయనంలో, పొగాకు లేదా మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో 'లాన్సెట్' ప్రకటించింది. మొత్తం జనాభాలో కనిపించిన తగ్గుదల గణాంకపరంగా నిర్ణాయకం కాదు. అంటే అందరినీ ఒకేలా చూడటంకన్నా, ప్రమాదం ఎక్కువ ఉన్నవారిని గుర్తించి వారి నోరు చూడటంలో ఫలితం ఉంది. ఉత్తరాంధ్రలో ఆ ప్రమాదవర్గం ఏదో 1971 నుంచీ తెలుసు.

మొదటి స్థాయి విషయంలో దేశం పరిస్థితి నిరాశాజనకం. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం. రొమ్ము పరీక్ష, నోటి పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం చొప్పున ఉన్నారు. మూడింటిలో నోటి పరీక్ష అతి సులువైనది. దానికి దీపం, అద్దం, ఓపిక తప్ప వేరే పరికరం అక్కరలేదు. రొమ్ము పరీక్షకో, గర్భాశయ ముఖద్వార పరీక్షకో అడ్డొచ్చే సిగ్గు, ఏకాంతం కొరత కూడా దీనికి లేవు.

రెండవ స్థాయిలో చిక్కు ప్రశ్నావళి దగ్గరే మొదలవుతుంది. ఆశా కార్యకర్త ఇంటింటికీ తీసుకువెళ్లే ముందస్తు అంచనా పత్రంలో పొగాకు గురించి ఉన్న ప్రశ్న 'పొగ తాగుతారా, గుట్కా, ఖైనీ వంటివి వాడతారా' అన్న ధోరణిలో ఉంటుంది. ఎన్నడూ లేదంటే సున్నా, గతంలోనో అప్పుడప్పుడో అయితే ఒకటి, రోజూ అయితే రెండు మార్కులు. రోజూ ఒక బీడీ కాల్చే మగవాడికీ, ముప్ఫై ఏళ్లుగా అడ్డపొగ తాగుతున్న స్త్రీకీ ఆ పత్రంలో అవే రెండు మార్కులు. రెండవ భాగంలోని ప్రశ్నలు మానని పుండు, నోరు తెరవడంలో ఇబ్బంది వంటి లక్షణాలను అడుగుతాయి. కానీ అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే తొలి మార్పులు చాలావరకు నొప్పి లేనివి. తన అంగిలిని తాను చూసుకోలేని మనిషిని 'నీ నోటిలో ఏమైనా ఉందా' అని అడిగితే 'లేదు' అంటుంది. అది అబద్ధం కాదు. పత్రం నిండుతుంది, లక్ష్యం నెరవేరినట్టు నమోదవుతుంది, అంగిలి మాత్రం ఎవరూ చూడకుండా మిగిలిపోతుంది. దేశమంతటికీ ఒకే పత్రం వాడటంలో పరిపాలనా సౌలభ్యం ఉంది. ఆ సౌలభ్యానికి ఇక్కడ చెల్లిస్తున్న మూల్యం ఇది.

చట్టం విషయంలోనూ ఇంచుమించు ఇదే కథ. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం షెడ్యూలులో చుట్ట కూడా ఉంది. కానీ ఆ చట్టపు ప్రధాన ఆయుధం పెట్టె మీది హెచ్చరిక. 2016 ఏప్రిల్ నుంచి అది పెట్టెలో 85 శాతం మేర ఉండాలి. వారపు సంతలో పొగాకు కాడ కొనుక్కొని ఇంట్లో చుట్టుకొనే చుట్టకు పెట్టె ఎక్కడ? బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. పెరట్లో, పొయ్యి దగ్గర, పొలం గట్టున తాగే అడ్డపొగకు అది తగలదు. చట్టం ఊహించిన పొగరాయుడు పట్నపు మగవాడు. ఒకరకంగా అతను గిరీశం వారసుడే.

అయితే అడ్డపొగ తగ్గలేదా? తగ్గింది. నేటి యువతులలో ఈ అలవాటు కనిపించడం అరుదైంది, ఇది ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలకు పరిమితమైందన్నది ఈ ప్రాంత వైద్యుల, క్షేత్ర పరిశీలకుల సాధారణ అభిప్రాయం. ఈ తగ్గుదలను జాతీయ కార్యక్రమ విజయంగా చూపడానికి ఆధారం చాలదు. ఆడపిల్లలు బడికి వెళ్లారు, ఆపై వలస వెళ్లారు. హైదరాబాదులోనో, చెన్నైలోనో భవన నిర్మాణపు పనుల్లో చేరినవారికి ఊళ్లోని చుట్ట మోటుగా తోచింది. 2010లో కార్యక్రమం జిల్లాకు చేరేనాటికే ఈ మార్పు చాలాదూరం నడిచింది. 1986 నాటి అధ్యయనంలో కాలానికీ బోధనకూ మధ్య ఏ చిక్కు ఎదురైందో ఇక్కడా అదే ఎదురవుతుంది. తేడా ఏమిటంటే, నాటి పరిశోధకుల దగ్గర ముందటి అంకెలు ఉన్నాయి. జాతీయ కార్యక్రమం శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ అడ్డపొగను విడిగా లెక్కించకుండానే పని మొదలుపెట్టింది. ఆరంభ స్థితి తెలియని పనికి ఫలితాన్ని ఆపాదించడం గణితంలోనే కాదు, చరిత్రలోనూ చెల్లదు.

వయసు లెక్క ఒకటి మిగిలి ఉంది. 2016లో వెలువడిన జాతీయ మార్గదర్శకాలు నోటి క్యాన్సర్ పరీక్షకు 30 నుంచి 65 ఏళ్ల వయోపరిమితిని సూచించాయి. ఐదేళ్లకు ఒకసారి పరీక్ష జరగాలన్నాయి. 1966-67 సర్వేలో లెక్కకు వచ్చినవారిలో అతి పిన్నవయస్కులు పదిహేనేళ్లవారు. వారు 1951-52 ప్రాంతంలో పుట్టినవారు. పరీక్షల కార్యక్రమం కాగితం మీదికి వచ్చేనాటికి వారికి దాదాపు అరవై ఐదేళ్లు. అంగిలి క్యాన్సర్ గురించి ప్రపంచానికి తెలిసినదానిలో ఎక్కువభాగం ఎవరి నోళ్ల నుంచి తెలిసిందో, ఆ తరమంతా కార్యక్రమం ఆరంభమైన ఏడాదికే దాదాపుగా దాని వయోపరిమితి అంచుకు చేరింది లేదా దానిని దాటిపోయింది.